కాలు తీసేసిన కుక్కకు కుట్ల గాయం చీము పట్టిందా? ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

గొర్రెల మందకు, చేనుకు, పెరటికి కాపలా ఉండే కుక్క కూడా మన వ్యవసాయ కుటుంబంలో ఒకటే. రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ, కమాన్‌పూర్, మంథని చుట్టుపక్కల కుక్కలకు కాళ్లు పోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి. ఒకటి, రాజీవ్ రహదారి మీద, ఓపెన్‌కాస్టు గనుల దారుల్లో తిరిగే లారీలు. రెండు, రైలు పట్టాలు. మూడు, అడవి పందుల కోసం మక్క చేన్ల గట్ల మీద పెట్టే తీగ ఉచ్చులు. ఉచ్చులో కాలు బిగిసిన కుక్క రాత్రంతా గుంజుకుంటుంది. తీగ బిగిసినకొద్దీ కిందికి రక్తం అందదు. రెండు మూడు రోజులు అట్లే ఉంటే కాలు చల్లబడి, నల్లబడి కుళ్లిపోతుంది. అప్పుడు ప్రాణం దక్కాలంటే కాలు తీసేయక తప్పదు.

కాలు తీసేస్తే కుక్క బతకదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎక్కువ కుక్కలు కొద్ది రోజుల్లోనే మూడు కాళ్ల మీద లేచి నిలబడతాయి, నెల తిరిగేసరికి పరుగెడతాయి. ఆపరేషన్ తరువాత అసలు ప్రమాదం కుట్ల గాయం చీము పట్టడం. అది ఎక్కువగా ఇంటికి తెచ్చిన తరువాతే బయటపడుతుంది. నేను వ్యవసాయ విస్తరణ అధికారిని, పశువైద్యుణ్ణి కాను. కానీ గాయానికి పురుగుమందు పెట్టవచ్చా అని రైతు వేదికకు వచ్చి అడిగే వారున్నారు కాబట్టి, పశువైద్య మిత్రులతో మాట్లాడి ఈ వివరాలు ఇస్తున్నాను. ఇవి డాక్టరు చికిత్సకు తోడు మాత్రమే, దానికి బదులు కావు.

డాక్టరు కాలు అంత పైకి ఎందుకు తీస్తారు?

"దెబ్బ పాదానికి తగిలితే తొడ దాకా ఎందుకు కోశారు?" అని చాలామంది బాధపడతారు. మోకాలి దగ్గర మొండెం మిగిలితే కుక్క దాన్ని నేలకు ఆనించి నడవాలని చూస్తుంది. చర్మం మాటిమాటికి ఒరుసుకుని మానని పుండు పడుతుంది. అందుకే వెనుక కాలును తొడ ఎముక పైభాగంలో గాని తుంటి కీలు దగ్గర గాని, ముందు కాలును భుజం పలకతో సహా గాని తీస్తారు. కండతో ఎముకను కప్పి చర్మం కుడతారు. గాయం పెద్దగా కనిపించినా ఇదే మంచి పద్ధతి.

ఏది మామూలు? ఏది చీము లక్షణం?

మామూలుగా మానే గాయం:
- మొదటి రెండు మూడు రోజులు కొద్దిగా వాపు, కమిలిన రంగు ఉంటుంది. తరువాత రోజురోజుకూ తగ్గుతుంది.
- మొదటి రోజు కొద్దిగా పలుచని నీరు, రక్తం కలిసి కారవచ్చు.
- కుట్ల అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి.
- 10 నుంచి 14 రోజుల్లో కుట్లు తీస్తారు.

చీము పట్టిన గాయం:
- మూడో రోజు తరువాత వాపు, ఎరుపు తగ్గకపోగా పెరుగుతాయి.
- చెయ్యి పెడితే చుట్టుపక్కల చర్మం కంటే గాయం వేడిగా ఉంటుంది, ముట్టనివ్వదు.
- పసుపు, ఆకుపచ్చ లేదా గోధుమ రంగు చిక్కటి చీము, చెడు వాసన వస్తుంది.
- కుట్లు తెగి అంచులు విచ్చుకుంటాయి.
- మేత ముట్టదు, మూలకు పడుకుంటుంది, జ్వరం వస్తుంది.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనిషితో పోల్చి జ్వరం అనుకోవద్దు. డిజిటల్ థర్మామీటరు కొనకు కొబ్బరినూనె రాసి ఆసనంలో అంగుళం మేర పెట్టి చూడాలి. నీడలో, కదలకుండా ఉన్నప్పుడు 103 దాటితే డాక్టరుకు ఫోన్ చేయాలి. మన ప్రాంతంలో వేసవిలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. రేకుల షెడ్డు కింద కట్టేసిన కుక్క ఒళ్లు వట్టి ఎండకే కాలిపోతుంది. అందుకే చల్లటి చోట అరగంట ఉంచి తరువాత చూడాలి.

గాయం కింద మెత్తగా, నీటి సంచిలా వేలాడే వాపు ఉండి వేడి, నొప్పి లేకపోతే అది చీము కాకపోవచ్చు. కండ, చర్మం మధ్య ఖాళీలో నీరు చేరినా అట్లే ఉంటుంది. దాన్ని సూదితో పొడవవద్దు, పిండవద్దు. శుభ్రంగా ఉన్న నీటిలోకి మనమే సూక్ష్మజీవులను ఎక్కించినట్లవుతుంది. డాక్టరుకు చూపించండి.

గాయం చీము ఎందుకు పడుతుంది?

- ఉచ్చు, లారీ దెబ్బల్లో ఆపరేషన్‌కు ముందే కండలోకి మట్టి, సూక్ష్మజీవులు చేరి ఉంటాయి.
- కుక్క గాయాన్ని నాకుతుంది. "కుక్క నాకితే పుండు మానుతుంది" అనేది తప్పు. నాలుకతో నోటిలోని సూక్ష్మజీవులు గాయంలోకి పోతాయి, పళ్లతో కుట్లు తెంపుతుంది.
- బొగ్గు దుమ్ము, పొయ్యి బూడిద, మట్టి నేల మీద పడుకోవడం.
- ఎగరడం, పరుగెత్తడం. ఓపెన్‌కాస్టు బ్లాస్టింగ్ శబ్దానికి బెదిరి దూకినా కుట్లు తెగవచ్చు. బ్లాస్టింగ్ వేళకు కుక్కను లోపలి గదిలో, మనిషి దగ్గర ఉంచాలి.
- యాంటీబయోటిక్ మాత్రలు మధ్యలో ఆపేయడం.

డాక్టరు కుట్లు విప్పితే భయపడవద్దు

చీము పట్టిన గాయానికి డాక్టరు కొన్ని కుట్లు విప్పి, కుళ్లిన కండ తీసేసి, గాయాన్ని తెరిచే ఉంచవచ్చు. లేదా మెత్తటి రబ్బరు గొట్టం పెట్టి చీము బయటికి పోయే దారి చేస్తారు. ఇది చూసి "ఉన్న కుట్లు కూడా పోయాయి" అని రైతులు కంగారు పడతారు. పత్తి చేనులో వాన నీరు నిలిస్తే మనం ఏం చేస్తాం? ముందు కాలువ తీసి నీరు బయటికి పంపుతాం, ఎరువు తరువాత వేస్తాం. ఇదీ అంతే. పైన చర్మం మూసుకుని లోపల చీము నిలిస్తే అది కండలోకి, ఎముకలోకి, రక్తంలోకి పాకుతుంది. చీము పోయే దారి ఉంటేనే మందు పనిచేస్తుంది. గొట్టాన్ని మీరు లాగవద్దు, డాక్టరే తీస్తారు.

తెరిచి ఉంచిన గాయం అడుగు నుంచి పైకి పూడుతూ వస్తుంది. పెద్ద గాయానికి మూడు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. లోపల దానిమ్మ గింజల్లా ఎర్రగా, తడిగా కొత్త కండ కనిపిస్తే మంచి గుర్తు. పసుపు పొర ఉంటే ఇంకా శుభ్రం కావాలి. నల్లగా ఉంటే అది చచ్చిన కండ, డాక్టరు తీసేయాలి.

వీలైతే చీమును కల్చర్ పరీక్షకు పంపమని అడగండి. ఏ సూక్ష్మజీవి ఉంది, ఏ యాంటీబయోటిక్‌కు లొంగుతుంది అనేది తెలుస్తుంది. ఒక మందు పూర్తిగా వాడినా గాయం తగ్గకపోతే ఈ పరీక్ష తప్పనిసరి. మన జిల్లాకు దగ్గరలో జగిత్యాల జిల్లా కోరుట్లలో ప్రభుత్వ పశువైద్య కళాశాల ఉంది. స్థానికంగా మానని గాయానికి అక్కడికి వెళ్లాలా అని మీ డాక్టరును అడగండి.

ఇంట్లో గాయం కడిగే విధానం

1. ముందుగా కుక్క మూతికి మెత్తటి గుడ్డ పట్టీ కట్టాలి. ఎంత సాధువైన కుక్క అయినా నొప్పికి కరుస్తుంది. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా మూతి కట్టవద్దు. ఒకరు తల దగ్గర పట్టుకోవాలి, ఒకరు కడగాలి.
2. చేతులు సబ్బుతో కడిగి గ్లౌజులు వేసుకోవాలి. ఈ చీములోని సూక్ష్మజీవులు మనుషులకూ అంటవచ్చు. చిన్న పిల్లలను, షుగరు ఉన్నవారిని దూరంగా ఉంచాలి.
3. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సీసా వాడటం మంచిది. లేకపోతే లీటరు నీటిని పది నిమిషాలు మరిగించి, 9 గ్రాముల ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లార్చి వాడాలి. ఇది ఏ రోజుకు ఆ రోజే తయారు చేసుకోవాలి.
4. 20 మిల్లీలీటర్ల సిరంజీతో, సూది లేకుండా, చీము కొట్టుకుపోయేలా ఐదారుసార్లు కడగాలి. గుడ్డతో రుద్దవద్దు.
5. డాక్టరు పొవిడోన్ అయోడిన్ చెబితే 10 శాతం ద్రావణాన్ని లీటరు సెలైన్‌కు 10 మిల్లీలీటర్లు మాత్రమే కలపాలి. పలుచని టీ రంగు వస్తే చాలు. చిక్కగా పోస్తే కొత్త కండ మాడిపోతుంది.
6. చుట్టూ తడిని గాజు గుడ్డతో అద్ది తీయాలి. డాక్టరు రాసిన ఆయింట్‌మెంటు పలుచగా రాయాలి.
7. కట్టు కట్టమంటే గాయానికి అంటుకోని గాజు, దానిపై దూది, ఆపై పట్టీ వేయాలి. కట్టు కింద రెండు వేళ్లు దూరాలి. తడిసినా, దుమ్ము పట్టినా, వాసన వచ్చినా వెంటనే మార్చాలి. నిన్నటి కట్టు మళ్లీ వాడవద్దు.

రోజుకు ఎన్నిసార్లు కడగాలనేది డాక్టరు చెబుతారు. చీము ఎక్కువగా ఉన్న రోజుల్లో సాధారణంగా రెండుసార్లు అవసరమవుతుంది. రోజూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. తగ్గుతోందా పెరుగుతోందా అనేది డాక్టరుకు ఆ ఫొటోలే చెబుతాయి.

తేనె, చక్కెర కట్లు చీము గాయాలకు వాడే పద్ధతి ఉంది. అయితే అది డాక్టరు శుభ్రం చేసిన తెరిచిన గాయానికి, వారు చెప్పినప్పుడే వేయాలి. కట్టు గట్టిగా లేకపోతే చీమలు పడతాయి, జాగ్రత్త.

గాయంలో ఇవి వేయవద్దు

- ఫినాయిల్, కిరోసిన్, పెట్రోలు, సున్నం, బ్యాటరీ పొడి, నీరు కలపని డెట్టాల్: కండను కాలుస్తాయి.
- స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ రోజూ వాడటం: మానే కండను చంపుతాయి.
- వంటింటి పసుపు, కాఫీ పొడి, బూడిద: చీముతో కలిసి గడ్డకట్టి లోపల చీమును మూసేస్తాయి.
- పంట పురుగుమందులు: ఏ రూపంలోనూ వద్దు.

పురుగులు పడితే

వానకాలంలో ఈగ గాయం మీద గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులవుతాయి. చెడు వాసన, గాయంలో కదలిక, కుక్క మాటిమాటికి అటు తిరిగి చూడటం దీని గుర్తులు.

గత వానకాలం ఒక గొర్రెల కాపరి మా రైతు వేదికకు వచ్చాడు. పత్తికి పచ్చదోమ మందు గురించి అడిగి, వెళ్తూ వెళ్తూ "సారూ, కుక్క పుండులో పురుగులు పడ్డయి, గుళికలు పెడితే పోతయా?" అన్నాడు. చేతిలో గుళికల పొట్లం కూడా ఉంది. ఆ కుక్కకు ఉచ్చులో చిక్కి వెనుక కాలు పోయింది. ఆపరేషన్ అయి తొమ్మిదో రోజు. అంతకు ముందు ఏడాది ఇంకో కుక్క పుండుకు ఎవరో చెప్పారని ఇదే గుళికలు పెట్టాడట. పురుగులు చచ్చాయి, సాయంత్రానికి కుక్కా చచ్చింది. పుండు ముదిరి చచ్చిందనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. కారణం చెప్పినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ పొట్లం నా బల్ల మీదే పెట్టి, నాతో పాటు పశువైద్యశాలకు బయలుదేరాడు. డాక్టరు మత్తిచ్చి పురుగులన్నీ తీసి, గాయం తెరిచి కడిగారు. ఐదు వారాలు పట్టింది. ఇప్పుడు ఆ కుక్క మూడు కాళ్లతో మంద వెనుక తిరుగుతోంది.

గుళికలు, మోనోక్రోటోఫాస్ లాంటి మందులు పచ్చి కండ ద్వారా నేరుగా రక్తంలోకి పోతాయి. కుక్క నాకితే ఇంకా ఎక్కువ. నోటి నుంచి చొంగ, వణుకు, కంటిపాప చిన్నదవడం, విరేచనం, ఫిట్స్ వస్తాయి. ఇప్పటికే పెట్టి ఉంటే గ్లౌజులు వేసుకుని ఎక్కువ నీటితో కడిగేసి, మందు ప్యాకెట్ తీసుకుని వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, ఆలస్యమైతే పనిచేయదు. పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్‌ను కూడా అంచనా మీద కుక్కకు వేయవద్దు. మోతాదు ఎక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరు దొరికేలోగా సెలైన్‌తో బాగా కడిగి, పైకి వచ్చిన పురుగులను పట్టుకారుతో తీయండి. కొన్ని లోతుగా ఉంటాయి కాబట్టి అన్నీ పోయాయని వదిలేయవద్దు. మరుసటి రోజు మళ్లీ చూడాలి, మిగిలిన గుడ్లు పొదుగుతాయి. ఈగలు వాలకుండా కుక్కను దోమతెర కింద ఉంచండి. పెంటకుప్పకు, పశువుల కొట్టానికి దూరంగా ఉంచండి.

మాత్రలు, నొప్పి మందులు

యాంటీబయోటిక్‌ను చీము తగ్గిందని మధ్యలో ఆపవద్దు. బాయి పని చేసే ఇళ్లలో ఒక ఇబ్బంది ఉంది. షిఫ్టు మారినప్పుడల్లా మాత్ర వేసే వేళ మారిపోతుంది. రోజుకు రెండుసార్లు అంటే 12 గంటల తేడా. షిఫ్టుకు వెళ్లే మనిషి మీద కాకుండా, ఇంట్లో ఉండేవారి మీద ఈ పని పెట్టండి. ఉదయం 7, రాత్రి 7 అని క్యాలెండరు మీద రాసి, వేసినప్పుడల్లా టిక్కు పెట్టండి.

మన ఇంట్లో ఉండే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్కకు వేయవద్దు. కడుపులో పుండ్లు, మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. కుక్కలకు వేరే నొప్పి మందులున్నాయి, వాటిని డాక్టరు బరువును బట్టి రాస్తారు. కాలు లేని వైపు తిరిగి ఉలిక్కిపడటం, ఏడవడం ఎక్కువగా ఉంటే చెప్పండి. పోయిన కాలి నరాల నొప్పికీ మందు ఉంది.

నాకకుండా, పడకుండా

- మెడకు ప్లాస్టిక్ గరాటు పట్టీ కుట్లు తీసే దాకా రాత్రీ పగలూ ఉండాలి. దొరకకపోతే చిన్న బకెట్ అడుగు కోసి, అంచులకు గుడ్డ చుట్టి మెడకు కట్టవచ్చు. నీళ్లు, తిండి పెట్టేటప్పుడు మీరు దగ్గరుండి తీసి, వెంటనే మళ్లీ పెట్టాలి.
- పడకకు ఉతికిన పాత నూలు చీరలు వేసి రోజూ మార్చండి. గోనె సంచుల్లో దుమ్ము, గడ్డి ముక్కలు ఉంటాయి, అవి వద్దు.
- క్వార్టర్లలో బండల నేల జారుతుంది. కుక్క నడిచే దారిలో చాప లేదా రబ్బరు మ్యాట్ వేయండి.
- మొదటి రోజుల్లో పొట్ట కింద తువ్వాలు వేసి, పైకి పట్టుకుని మూత్రానికి నడిపించండి. తువ్వాలు గాయానికి తగలకూడదు.
- రెండు వారాలు మెట్లు, మంచాలు ఎక్కనివ్వవద్దు. మందతో పంపవద్దు.

తిండి

పాలన్నంతో గాయం పూడదు. కండ పూడాలంటే మాంసకృత్తులు కావాలి. అన్నం లేదా జొన్న గటకలో ఉడికించిన గుడ్డు, ఎముక లేని కోడి మాంసం కలిపి రోజుకు రెండు మూడుసార్లు కొద్ది కొద్దిగా పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ఉడికించిన ఎముకలు పెట్టవద్దు. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. గాయం మానాక మాత్రం ఒళ్లు పెరగనివ్వకండి. నాలుగు కాళ్ల బరువు మూడు కాళ్ల మీద పడుతుంది. కుక్క బరువులో ఎక్కువ భాగం ముందు కాళ్లే మోస్తాయి కాబట్టి, ముందు కాలు పోయిన కుక్కకు ఈ జాగ్రత్త ఇంకా ముఖ్యం.

వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలు

- శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు అదిమి పట్టినా రక్తం ఆగకపోవడం
- ఎముక లేదా లోపలి కండ బయటపడటం
- గాయం చుట్టూ చర్మం నల్లబడటం, నొక్కితే చిటపటమనడం
- చిగుళ్లు తెల్లబడటం, నిలబడలేకపోవడం
- ఒక రోజంతా తిండి, నీళ్లు ముట్టకపోవడం
- దవడలు బిగుసుకోవడం, ఒళ్లు కట్టెలా మారడం (ధనుర్వాతం కావచ్చు)

రాష్ట్రంలో సంచార పశువైద్య సేవల టోల్ ఫ్రీ నంబరు 1962. కదల్చలేని స్థితిలో ఉంటే ముందు ఫోన్ చేసి అడగండి.

కట్టు కట్టేటప్పుడు కుక్క కరిచినా, గీరినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి. "మన కుక్కే కదా" అని వదిలేయవద్దు. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి.

చివరిగా, ఉచ్చుల మాట

ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. వాటికి పందులే కాదు, మన కుక్కలు, పశువులు, ఒక్కోసారి మనుషులూ బలవుతున్నారు. పందుల బెడద ఉంటే వేరుశనగ చుట్టూ నాలుగు వరుసలు ముళ్ల కుసుమ, మక్క చుట్టూ ఆముదం వేయండి. సోలార్ కంచె, ముళ్ల తీగ చుట్టలు కూడా పనిచేస్తాయి. పంట నష్టం జరిగితే అటవీ శాఖకు, మీ క్లస్టర్ విస్తరణ అధికారికి వెంటనే తెలపండి. గట్ల మీద పాత ఉచ్చులు మిగిలి ఉంటే ఈ సీజన్ మొదలయ్యే లోపే తీసేయండి. పెట్టినవారు మరిచిపోయినా ఉచ్చు మరిచిపోదు.